మౌజర్ 7.63: దొరకని తూటా మీద ఇంత మోజెందుకు?

పెన్నాగట్టు
మా నాన్న పిస్తోలు ఇప్పుడు నా పేరు మీదకి వచ్చింది. పాత జర్మనీ మౌజర్ సీ96, 7.63 బోరు (గొట్టం లోపలి వెడల్పు, మిల్లీమీటర్లలో). ఆయనకి 70 దాటింది కాబట్టి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం వారసుడికి మార్చవచ్చన్నారు. తమ్ముడి చేత, అక్క చేత అభ్యంతరం లేదని రాయించి కలెక్టరాఫీసులో ఇచ్చాం, పని అయింది.

అసలు గోల ఇప్పుడు మొదలైంది. తూటాలు యాడా లేవు. నెల్లూరులో లేవు, ఒంగోలులో లేవు, చెన్నైలో ఒకాయన "ఆ బోరు చూసి ఎన్నేళ్ళైందో" అని నవ్వాడు. ఇంట్లో పాత డబ్బాలో మిగిలినవే దిక్కు. డీలరేమో "ఆ ముసలి సామాను నాకిచ్చేసి శుభ్రంగా .32 (ఇది అంగుళాల లెక్క) తీసుకో" అంటాడు. మా మామదీ అదే మాట.

నాకు వదలబుద్ధి కావడం లేదు. ఇట్టాంటి అరుదైన తూటా కాల్చే పిస్తోలు ఉంచుకోవడంలో నిజంగా ఏమైనా పస ఉందా, లేక ఇది ఉత్త మమకారమేనా? ఆత్మకూరు, కావలి, కందుకూరు వైపు ఈ బోరు వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

చేపలపులుసు77
నెల్లూరు మొలగొలుకులు ఇప్పుడు పండించేదెవరు? అయినా వాటి పేరెత్తకుండా అన్నం గురించి మాట్లాడే పెద్దాయన ఉన్నాడా? మీ 7.63 సంగతీ అంతే.

మార్కాపురం_పలక
అమ్మెయ్యండి. తూటా లేని పిస్తోలు కిలో పైచిలుకు ఇనుము. దానికి రిన్యువల్ ఫీజు కట్టాలి, పోలీసు వెరిఫికేషన్ కి తిరగాలి, ఎలక్షన్ వస్తే డిపాజిట్ చెయ్యాలి. ఇంత చాకిరీ ఎందుకు?

ఒంగోలుగిత్త
డీలర్ చెప్పింది తప్పేం కాదు. నాది .32 ఏసీపీ, ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాళ్ళ అశని. చీమకుర్తి క్వారీలో కూలి డబ్బులు నగదుగా తెచ్చే రోజుల్లో తీసుకున్నా. అందం గురించి అడగొద్దు, ట్రిగ్గర్ గురించి అసలు అడగొద్దు. కానీ తూటాలు దొరుకుతాయి, అవీ మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీవే. అన్నిటికంటే అదే ముఖ్యం.

ఇంకో మాట. మన దేశంలో .32 మామూలు తూటా అనుకుంటాం గానీ, బయట దేశాల్లో దాన్ని ఇప్పుడు పట్టించుకునేవాళ్ళు తక్కువ. బ్రౌనింగ్ 1899లో తెచ్చిన తూటా అది. వాళ్ళకి 9 ఎంఎం సులువుగా దొరుకుతుంది, మనకి అది ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు లైసెన్సు మీద ఇవ్వనిది. అందుకే మనం .32 దగ్గర ఆగిపోయాం. అరుదైన తూటా అనేది ఏ దేశంలో ఉన్నామన్న దాన్ని బట్టే.

పెన్నాగట్టు
పలక అన్నా, ఇనుము అన్నది సరే. కానీ దీని పనితనం చూశారా? పిడి చెక్కలకి ఒక్కటే స్క్రూ, లోపల ఇంకెక్కడా స్క్రూ అన్నదే లేదు. మేగజీన్ ట్రిగ్గర్ ముందు ఉంటుంది. పది తూటాల క్లిప్ పైనుంచి పెట్టి బొటనవేలితో నొక్కితే దిగిపోతాయి. 1896 నాటి డిజైన్ ఇది!

కొత్తసభ్యుడు_కందుకూరు
వెనక సైటు మీద 1000 అని అంకె ఉంటుందంటగా, నిజమా అన్నా? మీటర్లా?

పెన్నాగట్టు
మీటర్లే. నాన్న ఎప్పుడూ దాన్ని చూసి నవ్వేవాడు. 25 మీటర్లలో తగిలితే గొప్ప.

టెక్సస్_కావలోడు
నేను రాద్దామనుకున్నదే గిత్త అన్న రాశాడు. ఇక్కడ నా దగ్గర .357 సిగ్ పిస్తోలు ఒకటి ఉంది. 1994లో వచ్చింది. .40 తూటా కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) మెడని 9 ఎంఎం గుండుకి సరిపోయేట్టు సన్నం చేశారు. అంటే మీ మౌజర్ లాగా సీసామెడ కేసే. ఈ రాష్ట్రం పోలీసులే మొదట తీసుకున్నారు, తర్వాత వాళ్ళే 9 ఎంఎంకి పోయారు. ఎఫ్‌బీఐ కూడా .40 వదిలి 9 ఎంఎంకే తిరిగొచ్చింది.

మరి నేనెందుకు ఉంచుకున్నా? సీసామెడ తూటాలో ఒక సుఖం ఉంది. సన్నటి ముక్కు, తూటా కూర్చునే వెడల్పాటి చాంబర్‌లోకి దూరాలి కాబట్టి ఎక్కడా పట్టుకోదు, జారిపోతుంది. ఎంత మురికిగా ఉన్నా ఫీడింగ్ ఇబ్బంది రాలేదు. రెండోది, పేలిన చప్పుడు. పక్క లేన్ వాడు తిరిగి చూస్తాడు. నిజం చెప్పాలంటే సగం సరదా అదే.

ఖర్చు మాత్రం వాత పెడుతుంది. 9 ఎంఎం పెట్టె కొన్న డబ్బుతో ఇది సగం కూడా రాదు. దుకాణంలో అరలన్నీ 9 ఎంఎంతో నిండి ఉంటాయి, నాది కావాలంటే లోపలికెళ్ళి వెతికి తెస్తారు. ఒక్కోసారి అదీ లేదు.

మార్కాపురం_పలక
మీ దేశంలో "అదీ లేదు" అంటే వచ్చే వారం వస్తుందని. మా దగ్గర "లేదు" అంటే లేదు. ఎనభైల నుంచి మామూలు లైసెన్సుదారుడికి దిగుమతి మూసేశారు. ఉన్న పాత విదేశీ పిస్తోళ్ళే చేతులు మారుతున్నాయి, అందుకే పాత వాల్తర్ కూడా లక్షల్లో పలుకుతుంది. తూటాది ఇంకా ఘోరం, పేల్చినది మళ్ళీ రాదు.

చేపలపులుసు77
పలక గారు ఈ వేదికలో చేరిన రోజు నుంచి అందరినీ అమ్మెయ్యమనే చెప్తున్నారు. ఈయనే డీలరేమో అని నా అనుమానం.

మార్కాపురం_పలక
లాయర్ని. అంతకన్నా ఘోరం.

ఫౌజీ_గిద్దలూరు
ఆలస్యంగా చూశాను. సర్వీసంతా సైన్యంలో ఆర్మరర్ పని, అంటే తుపాకుల మరమ్మతు చేసినవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

ముందు తూటా గురించి. 7.63 మౌజర్ ఉత్త మమకారం కాదు. గుండు చిన్నది, 86 గ్రెయిన్లు, అంటే అయిదున్నర గ్రాములు. వేగం సెకనుకి 430 మీటర్ల దాకా. 1935లో .357 మాగ్నమ్ వచ్చేదాకా దుకాణంలో దొరికే చేతి తుపాకీ తూటాల్లో దీన్ని మించిన వేగం లేదు. గుండు శక్తి లెక్క వేసుకుంటే 500 జౌల్స్ చిల్లర, దాదాపు 9 ఎంఎం అంత. మన .32 ఏసీపీ 71 గ్రెయిన్ల గుండుతో 180 జౌల్స్ దగ్గర ఉంటుంది. కాబట్టి నాన్‌ప్రొహిబిటెడ్ లైసెన్సు మీద ఇంత చురుకైన తూటా చేతిలో ఉండటం చిన్న విషయం కాదు. వేగం వల్ల దారి తిన్నగా ఉంటుంది, 50 మీటర్ల దాకా సైటు గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు పిస్తోలు గురించి. పెన్నాగట్టూ, ఇది జాగ్రత్తగా చదువు. సీ96లో బోల్టుని (తూటా వెనక మూసి, ముందుకీ వెనక్కీ కదిలే ముక్క) వెనక్కి పోకుండా ఆపేది బోల్ట్ స్టాప్ అనే చిన్న ముక్క. అది అరిగో చిట్లో ఉంటే బోల్టు వెనక్కి వచ్చి కాల్చేవాడి ముఖానికే తగులుతుంది. వందేళ్ళ ఇనుము, దాని స్ప్రింగులు ఎవరైనా మార్చారా లేదా తెలీదు. తెలిసిన ఆర్మరర్‌కి చూపించకుండా ఒక్క రౌండ్ కూడా పెట్టొద్దు. నాన్నగారు ఎప్పుడో కాల్చారు కదా, ఇప్పుడూ పనిచేస్తుందిలే అనుకోవద్దు.

మూడోది ఆ డబ్బాలో తూటాలు. పాత తూటాల ప్రైమర్లలో (మందుని అంటించే అడుగు మూతల్లో) ఉప్పు పదార్థం ఉంటుంది. కాల్చిన రోజే బ్యారెల్‌ని వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి నూనె పెట్టకపోతే, మీ సముద్రపు గాలికి వారంలో తుప్పు తేలుతుంది. ఇంకోటి, ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరిచి చూడొద్దు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగు. పాత మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

పెన్నాగట్టు
బోల్ట్ స్టాప్ సంగతి ఎవరూ చెప్పలేదు బాబాయ్. డీలర్ కూడా చెప్పలేదు, కొనేస్తానన్నాడు అంతే. మీరు గిద్దలూరులోనే ఉంటారా?

ఫౌజీ_గిద్దలూరు
ఊళ్ళోనే. కానీ నేను చేతితో ముట్టను. రిటైరైనవాడు ఇంట్లో తుపాకీ విప్పితే చట్టం ఒప్పుకోదు. లైసెన్సున్న రిపేరు షాపుకి పో. ఏమేం చూడాలో రాసిస్తా, ఆ కాగితం పట్టుకెళ్ళు.

కొత్తసభ్యుడు_కందుకూరు
అన్నా, టోకరెవ్ తూటా కూడా ఇదే సైజు అంటగా? అది పెట్టుకోవచ్చుగా? లేదంటే 9 ఎంఎం బ్యారెల్ వేయించేస్తే గొడవే ఉండదు. మౌజర్ 9 ఎంఎంలో కూడా వచ్చిందని చదివా.

ఫౌజీ_గిద్దలూరు
తమ్ముడూ, మొదటిదానికి నేను చెప్తా, రెండోదానికి లాయర్ గారు చెప్తారు.

టోకరెవ్ 7.62 తూటాని రష్యావాళ్ళు మౌజర్ తూటా చూసే తయారు చేశారు. కొలతలు దాదాపు ఒకటే, చాంబర్‌లోకి పోతుంది. అసలు ప్రమాదం అదే. అందులో మందు ఒత్తిడి ఎక్కువ, చెక్ తూటాలైతే ఇంకా ఎక్కువ. పైన చెప్పిన ఆ బోల్ట్ స్టాప్ మీద పడే దెబ్బ ఊహించుకో.

మార్కాపురం_పలక
రెండోదానికి: 9 ఎంఎం మౌజర్ వచ్చిన మాట నిజమే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యం కోసం చేశారు. పొరపాటున వేరే తూటా పెట్టకుండా పిడి మీద ఎర్రరంగుతో 9 అంకె చెక్కించారు. మన దగ్గర ఆ ఎర్ర తొమ్మిది ఉన్నది ప్రొహిబిటెడ్, లేనిది కాదు. చూడటానికి రెండూ కవలలు.

లైసెన్సు బుక్కులో ఉన్న 7.63 పిస్తోలుకి 9 ఎంఎం బ్యారెల్ వేయిస్తే అది ప్రొహిబిటెడ్ ఆయుధం. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు. చేసిపెట్టినవాడికి వేరే కేసు. ఇట్టాంటి ఐడియాలు ఇక్కడ రాయొద్దు తమ్ముడూ, చదివి ఎవడో ఒకడు చేస్తాడు.

నిర్వాహకుడు
పలక గారి మాటే నాదీ. మార్పులు చెయ్యడం, ఇంట్లో తూటాలు నింపుకోవడం, కొనుగోళ్ళు అమ్మకాలు: ఈ మూడూ ఇక్కడ మాట్లాడొద్దు. మాట్లాడితే ఈ చర్చ దారానికి తాళం వేస్తాను.

పాతపేపర్లు
ఇంతసేపూ ఎవరూ కలకత్తా తుపాకుల వ్యాపారి రొడ్డా కంపెనీ ఊసెత్తలేదేంటి? 1914 ఆగస్టు 26న కలకత్తా రేవు నుంచి ఆ కంపెనీ గోదాముకి పోవలసిన సరుకులో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు విప్లవకారులు దారి మళ్ళించారు. ఎద్దుల బండి మీద! మరుసటి ఏడాది బాలాసోర్ దగ్గర బాఘా జతిన్ వాళ్ళు పోలీసులతో తలపడింది ఈ మౌజర్లతోనే. 1925లో కాకోరీ రైలు దోపిడీ దగ్గరా ఇవే.

ఈ కథ తెలిసినవాడికి 7.63 తూటా చేతిలో పెడితే బరువు వేరుగా తోస్తుంది. జౌల్స్ లెక్కలు దానికి చాలవు.

ఒంగోలుగిత్త
ఎద్దుల బండి అన్నాక మా జాతి గొప్పతనం ఒప్పుకోవాల్సిందే.

కానీ చరిత్రే కొలత అయితే .32 ఏసీపీ ఏం తక్కువ తినలేదు. అలహాబాద్ మ్యూజియంలో ఉన్న చంద్రశేఖర్ ఆజాద్ కోల్ట్ .32 ఏసీపీనే. భగత్ సింగ్ దగ్గరున్న కోల్టూ అదే బోరు. నా అశనిలో పెట్టేదీ అదే తూటా, పైగా నాకు దొరుకుతుంది కూడా.

పాతపేపర్లు
సరే, ఈ పాయింటు మీది.

షూటర్_శైలు
మీరందరూ తూటాని జేబులో పెట్టుకునేదాని లాగానే చూస్తున్నారు. నేను ఒంగోలు నుంచి ప్రాక్టీసుకి చెన్నై పోతుంటా. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో .30 నుంచి .38 దాకా ఏ బోరైనా వాడొచ్చు. అయినా లైనులో చూస్తే అందరి చేతిలోనూ .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ ఉంటుంది. అది 1896లో రివాల్వర్ కోసం పుట్టిన తూటా. అంచు ఉన్న తూటా, ఆటోమేటిక్ మేగజీన్‌లో అంచు అంచుకి తగులుకుని ఇరుక్కునే రకం. అసలు ఆటోమేటిక్ పిస్తోల్లో పెట్టకూడనిది. కానీ దాని కోసమే ప్రత్యేకంగా పిస్తోళ్ళు చేశారు, వాల్తర్ జీఎస్‌పీ, పార్డిని లాంటివి. అయిదు తూటాల మేగజీన్.

గుండు చూస్తే నవ్వొస్తుంది. ముక్కే ఉండదు, కేసు అంచుకి సమానంగా బల్లపరుపుగా కూర్చుంటుంది. కానీ కాగితం మీద పడితే చించినట్టు కాకుండా గుండ్రంగా కోసినట్టు రంధ్రం పడుతుంది, గీత తగిలిందా లేదా అని వాదన ఉండదు. వేగం తక్కువ, వెనక్కి తన్నడం తక్కువ. ర్యాపిడ్ భాగంలో మూడు సెకన్లకి లక్ష్యం తిరుగుతుంది, అప్పుడు చెయ్యి కదలకపోవడమే కావాలి. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో జస్పాల్ రాణా 590 కొట్టి ప్రపంచ రికార్డుని సమం చేసింది ఈ సెంటర్ ఫైర్ పోటీలోనే.

కాబట్టి నా లెక్కలో వేగం ఎంత, జౌల్స్ ఎంత అన్నది రెండో ప్రశ్న. దాంతో ఏం చేస్తావన్నది మొదటిది. పెన్నాగట్టు అన్నా, మీరు దాంతో ఏం చేద్దామని?

ఫౌజీ_గిద్దలూరు
బంగారం లాంటి ప్రశ్న అమ్మా. మా రెజిమెంటులో ఆఫీసర్లు కూడా ఇంత సూటిగా అడిగేవాళ్ళు కాదు.

చేపలపులుసు77
శైలు గారూ, మరి 7.63 మీ పరిధిలోకే వస్తుందిగా? మౌజర్ పట్టుకుని పోటీకి వెళ్తే?

షూటర్_శైలు
బోరు సరిపోతుంది, బరువు సరిపోతుంది, బ్యారెల్ పొడుగు కూడా సరిపోతుంది. కానీ పిస్తోలు మొత్తం 300 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. మౌజర్ దానికి సెంటీమీటర్ ఎక్కువ. జ్యూరీ వాళ్ళు మాత్రం ముందు ఒక ఫోటో దిగి, తర్వాత బయటికి పంపిస్తారు.

టోరినో_బాబాయ్
మాది ఆత్మకూరు, ఉండేది ఇటలీలో. గిత్త చెప్పిన "ఏ దేశంలో ఉన్నాం" అన్న మాటకి నా వంతు. ఇక్కడ కూడా దశాబ్దాల పాటు 9 ఎంఎం పారాబెల్లం మామూలు జనానికి ఇచ్చేవాళ్ళు కాదు, సైన్యం తూటా అని. అందుకని కేసు రెండు మిల్లీమీటర్లు పొడుగు చేసి 9×21 అని ఒకటి అమ్మారు. ఇజ్రాయెల్ కంపెనీ తయారుచేసింది. పనితనం చూస్తే రెండూ ఒకటే. చట్టం దాటడానికి రెండు మిల్లీమీటర్లు చాలాయి! ఈ మధ్యే ఆ నిషేధం సడలించారు. అయినా నా క్లబ్బులో ముసలాళ్ళు 9×21 వదలడం లేదు. అలవాటైపోయింది వాళ్ళకి.

మార్కాపురం_పలక
అంటే అరుదైన తూటా మోజులో సగం చట్టం పుట్టించిందే. నేను చెప్తున్నదీ అదేగా. రేపు ఇక్కడ 9 ఎంఎం ఇస్తామంటే ఈ దారంలో ఎంతమంది 7.63 పట్టుకుని కూర్చుంటారు?

టెక్సస్_కావలోడు
నేను. నా దగ్గర 9 ఎంఎం కూడా ఉంది, అయినా .357 సిగ్ ఉంచుకున్నా కదా పలక గారూ. మీ వాదన నా దగ్గర ఆగిపోయింది.

మార్కాపురం_పలక
మీకు పిస్తోళ్ళ సంఖ్యకి పరిమితి లేదు. ఇక్కడ 2019 నుంచి మనిషికి రెండే, అంతకుముందు మూడు. సరదాకి ఒకటి పెట్టుకుంటే అవసరానికి ఒకటే మిగులుతుంది. పెన్నాగట్టు దగ్గర ఇంకేమైనా ఉందా?

పెన్నాగట్టు
ఉంది. అక్కడే చిక్కు. నాన్న లైసెన్సు మీద 12 బోరు సింగిల్ బ్యారెల్ కూడా ఉంది, తోటల కోసం. రెండూ నా పేరుకే వచ్చాయి. అంటే మౌజర్ ఉంచుకుంటే .32 కి చోటు లేదు.

శైలు ప్రశ్నకి జవాబు: ఇంటి రక్షణకి అని బుక్కులో రాసుంది. నిజంగా ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. చేప చెరువుల మీద డబ్బు తెచ్చేది ఇప్పుడు ఫోనులోనే. ఎక్కువగా చూసుకోవడానికే అనుకో. ఏడాదికోసారి రేంజికి తీసుకెళ్ళి కొద్దిగా కాల్చాలని ఉంది.

ఉదయగిరి_కొండ
12 బోరు మాత్రం వదలొద్దు సామీ. మా వైపు కొండ దిగి అడవిపందులు వస్తే రాత్రికి వేరుశనగ చేను దున్నినట్టు చేసి పోతాయి. పిస్తోలు చేతిలో పెట్టుకుని చేనుకి కాపలా ఏంది?

మార్కాపురం_పలక
పందిని కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, లైసెన్సు ఒక్కటే చాలదు.

ఉదయగిరి_కొండ
కొడతామని ఎవరన్నారు? గాల్లోకి ఒకటి వదిలితే శబ్దానికే పోతాయి. మళ్ళీ వస్తాయి, అది వేరే.

ఒంగోలుగిత్త
ఇప్పుడు విషయం తేటపడింది. చూసుకోవడానికి అయితే నీకు తూటాలెందుకు? డీయాక్టివేట్ చేయించి, అంటే ఇక పేలకుండా చేయించి, గోడకి తగిలించు. ఎట్టా చెయ్యాలో 2016 నిబంధనల్లోనే ఉంది. లైసెన్సు బాధ తగ్గుతుంది, .32 కి చోటొస్తుంది.

పాతపేపర్లు
అయ్యో! మ్యాచింగ్ నంబర్లున్న (అన్ని భాగాల మీదా ఒకే నంబరున్న) సీ96 బ్యారెల్‌కి బెజ్జం పెట్టి వెల్డింగ్ చేస్తారా? ఆ మాట రాయడానికి మీకు చేతులెట్టా వచ్చాయి?

ఫౌజీ_గిద్దలూరు
నాకూ మనసొప్పదు. ఒకసారి మూసేశాక మళ్ళీ తెరవలేం.

తూటాల సంగతి కూడా పూర్తిగా ఆశ వదలక్కర్లేదు. ఈ తూటా ప్రపంచంలో ఆగిపోలేదు, ఇటలీలో ఫియోకీ కంపెనీ ఇప్పటికీ చేస్తోంది. మనదాకా రావడమే కష్టం. పాత లైసెన్సుదారులు పోయాక వారసులు పిస్తోలుతో పాటు మిగిలిన తూటాలు డీలర్ దగ్గర అప్పజెప్తారు. నీ బుక్కులో రాసినంత మేరకు అట్టా దొరికే వీలుంది. నాలుగు ఊళ్ళ డీలర్లకి నీ బోరు చెప్పిపెట్టు. ఓపిక కావాలి.

టోరినో_బాబాయ్
ఫియోకీ నిజమే, మా క్లబ్బులో ఒకాయన అవే కాలుస్తాడు. పంపమని మాత్రం అడక్కండి, ఇద్దరం జైల్లో కలుస్తాం.

షూటర్_శైలు
మీరు రేంజిలో సరదాగా కాల్చడానికే అయితే నేను ఉంచుకోమనే చెప్తా. ఏడాదికి కాసిని తూటాలు కాల్చే పిస్తోలుకి తూటా కరువు పెద్ద బాధ కాదు. వారానికి వందలు కాల్చే నాలాంటిదానికి అది బాధ. ఇంటి రక్షణే మీ మనసులో ఉంటే మాత్రం గిత్త గారి మాట వినండి. నమ్మకం లేని పాత తూటాతో అర్ధరాత్రి పరీక్ష పెట్టుకోవద్దు.

కొత్తసభ్యుడు_కందుకూరు
ఎలక్షన్లప్పుడు డిపాజిట్ అన్నారు పైన. అందరూ చెయ్యాలా?

ఒంగోలుగిత్త
రూలు ప్రకారం కమిటీ చూసి ఎవరు చెయ్యాలో చెప్పాలి. ఇక్కడ ఆచరణలో స్టేషన్ నుంచి ఫోనొస్తుంది, పోయి ఇచ్చొస్తాం. 2024లో నాది ఇచ్చి ఫలితాలయ్యాక తెచ్చుకుంటే స్లైడు మీద వేలిముద్రల ఆకారంలో తుప్పు. ఎవరో చూద్దామని తీసి తుడవకుండా పెట్టేశారు. అశనికి అయితే పోనీలే అనుకున్నా. మౌజర్ నల్లరంగు మీద అట్టా పడితే మాత్రం ఏడుస్తావు.

షూటర్_శైలు
మాకు మినహాయింపు ఉంది, రైఫిల్ అసోసియేషన్ సభ్యులకి. పోటీల మధ్యలో తీసుకుంటే ఎట్టా మరి.

ఫౌజీ_గిద్దలూరు
డిపాజిట్ చేసేముందు మందంగా గ్రీజు రాసి, నూనె కాగితం చుట్టి, కట్టి ఇవ్వు. రసీదులో నంబరు సరిగ్గా ఉందో చూసుకో. తోలు కవరులో పెట్టి ఇవ్వొద్దు, తోలు తేమ పడుతుంది.

పెన్నాగట్టు
అందరి మాటా చదివాను, ఇంట్లో కూడా మాట్లాడాను. తమ్ముడు వ్యవసాయం చూసుకుంటున్నాడు కాబట్టి 12 బోరు వాడి పేరుకి పోవాలి, అసలు ముందే అట్టా చెయ్యాల్సిందని నాన్న అంటున్నాడు. వాడు లైసెన్సుకి అప్లై చేస్తాడు. వచ్చాక నా దగ్గర ఒక చోటు ఖాళీ అవుతుంది, అప్పుడు .32 సంగతి చూస్తా. మౌజర్ ఉంచుకుంటున్నా. ముందు రిపేరు షాపు, బోల్ట్ స్టాప్. ఫౌజీ బాబాయ్, ఆ కాగితం రాసివ్వండి.

మార్కాపురం_పలక
తమ్ముడికి లైసెన్సు వస్తుందన్న గ్యారంటీ లేదు, అది హక్కు కాదు. వచ్చేదాకా ఏడాది పట్టినా పట్టవచ్చు. నా సలహా మారలేదు, కానీ కాగితాలు సరిగ్గా పెట్టాలంటే అడగండి, ఫీజు అక్కర్లేదు.

చేపలపులుసు77
లాయర్ ఫీజు వద్దన్నాడు. 7.63 తూటా కన్నా ఇది అరుదు.

ఫౌజీ_గిద్దలూరు
రాసిస్తా. బోల్ట్ స్టాప్, ఫైరింగ్ పిన్ను, మెయిన్ స్ప్రింగు, హామర్ సగం ఎత్తులో నిలుస్తుందా లేదా, బ్యారెల్ లోపల గుండుని తిప్పే గాళ్ళు ఎంత మిగిలాయి. ఇవన్నీ చూశాక ముందు రౌండ్ లేకుండా పనిచేయించి చూడమను. రేంజిలో మొదటిసారి క్లిప్ నింపొద్దు, ఒక్కో రౌండే పెట్టు. కళ్ళద్దాలు లేకుండా కాల్చావని తెలిస్తే గిద్దలూరు నుంచి వచ్చి మరీ తిడతా.

షూటర్_శైలు
చెన్నై రేంజికి తెచ్చే రోజు ముందే చెప్పండి. ముందు వాళ్ళ అనుమతి అడగాలి, పాత పిస్తోళ్ళని అందరూ ఒప్పుకోరు. ఒప్పుకుంటే ఒక్క రౌండ్ నాకు.

పాతపేపర్లు
నాకు ఉత్త ఖాళీ కేసు చాలు.

ఉదయగిరి_కొండ
అదంతా సరే గానీ, తమ్ముడికి లైసెన్సు రాకపోతే ఆ సింగిల్ బ్యారెల్ ఎంతకిస్తావో చెప్పు సామీ. నా దాంట్లో ఒక చోటు ఖాళీగా ఉంది, చూసుకుని ధర

నిర్వాహకుడు
కొండ గారూ, పైన ఒకసారి చెప్పాను. తాళం.